రహస్య కీ బయటపడితే ఒక నష్టం, పోతే మరో నష్టం

2025 జులైలో, ఫైళ్లు పంచుకునే వేదిక అయిన మైక్రోసాఫ్ట్ షేర్‌పాయింట్‌ను సొంత సర్వర్లలో నడుపుకుంటున్న సంస్థలపై వరుసగా దాడులు జరిగాయి. లోపాన్ని సరిచేసే ప్యాచ్ కొద్ది రోజుల్లోనే వచ్చింది. అయితే ప్యాచ్ ఒక్కటే చాలదని, సర్వర్‌లోని మెషీన్ కీలు అనే రహస్య వరుసలను కూడా మార్చి వెబ్ సర్వర్‌ను మళ్లీ ప్రారంభించాలని మైక్రోసాఫ్ట్ చెప్పింది. చాలామందిని తికమక పెట్టింది ఈ రెండో సూచనే. లోపం పోయాక దాడి చేసినవారు మళ్లీ లోపలికి ఎలా రాగలరు? మొదటిసారి వచ్చినప్పుడే వారు ఆ కీలను కాపీ చేసుకుని వెళ్లారు కాబట్టి. అవి వారి చేతిలో ఉన్నంతకాలం, వారు తయారుచేసి పంపే సమాచారాన్ని సర్వర్ తాను రాసినదే అనుకుంటుంది.

సొంత సర్వర్‌లో ఏ వెబ్ అప్లికేషన్ నడిపేవారి దగ్గరైనా ఇలాంటి కీలు ఉంటాయి. అది ఫైళ్లు దాచే నెక్స్ట్‌క్లౌడ్ కావచ్చు, సోషల్ నెట్‌వర్క్ మాస్టొడాన్ కావచ్చు, జాంగో, లారవెల్ వంటి ఫ్రేమ్‌వర్కుల్లో (వెబ్ అప్లికేషన్లు రాయడానికి వాడే సిద్ధ చట్రాలు) సొంతంగా రాసుకున్నది కావచ్చు. ఇన్‌స్టాల్ చేసే సమయంలో ‘ఇక్కడ పొడవైన, ఎవరూ ఊహించలేని అక్షరాల వరుస ఇవ్వండి’ అని అడుగుతారు. ఇస్తాం, మరిచిపోతాం. ఆ వరుస ఏం పని చేస్తుందో చెప్పేవారు తక్కువ. ఎక్కడ దాచాలో చెప్పేవారు మాత్రం బోలెడంత మంది.

నిజానికి ఎక్కడ దాచాలన్నది రెండో ప్రశ్న. ఈ కీ ఇంకొకరి చేతిలో పడితే ఏమవుతుంది, మన దగ్గర లేకుండా పోతే ఏమవుతుంది అన్నవి ముందు తేలాలి. ఒక్కో కీకి ఈ రెండింటి జవాబు ఒక్కో రకంగా ఉంటుంది. అందుకే అన్ని కీలకూ ఒకే సలహా ఇస్తే ఏదో ఒకచోట బెడిసికొడుతుంది.

ఒకే పేరు, వేర్వేరు పనులు

సర్వర్‌లో దాచే రహస్యాలను చేసే పనిని బట్టి మూడు రకాలుగా చూడవచ్చు.

మొదటి రకం సంతకం చేసే కీ. సర్వర్ ఏదైనా సమాచారాన్ని బయటికి పంపి, అది తిరిగి వచ్చినప్పుడు మధ్యలో ఎవరూ మార్చలేదని తేల్చుకోవడానికి దీన్ని వాడుతుంది. జాంగోలో సీక్రెట్ కీ, రైల్స్ అనే మరో ఫ్రేమ్‌వర్కులో సీక్రెట్ కీ బేస్, షేర్‌పాయింట్ వెనుక ఉన్న ఏఎస్‌పీ డాట్ నెట్‌లో వాలిడేషన్ కీ (పైన చెప్పిన మెషీన్ కీలలో ఒకటి) ఈ కోవలోవి. వర్డ్‌ప్రెస్ ఆకృతీకరణ ఫైలులో కనిపించే ఎనిమిది పొడవాటి వరుసలూ దాదాపు ఇదే పని కోసం ఉన్నవి.

రెండో రకం ఎన్‌క్రిప్షన్ కీ. డేటాబేస్‌లోనో బ్యాకప్‌లోనో ఉన్న సమాచారాన్ని చదవడానికి వీల్లేకుండా మార్చి, అవసరమైనప్పుడు తిరిగి మామూలు రూపానికి తెస్తుంది. మూడో రకం, మన అప్లికేషన్ ఇతరుల ముందు తానెవరో నిరూపించుకునే రహస్యం: డేటాబేస్ పాస్‌వర్డ్, మెయిల్ పంపే సేవ టోకెన్ (ప్రవేశ చీటీ), క్లౌడ్ నిల్వ కీ వంటివి.

మూడో రకంతో చిక్కులు తక్కువ. పోతే కొత్తది తీసుకోవచ్చు, బయటపడితే పాతదాన్ని రద్దు చేయవచ్చు. అలాగని నష్టం చిన్నదనుకోకూడదు. 2016లో ఉబర్ సంస్థ ప్రైవేటు కోడ్ భాండాగారంలో ఉన్న క్లౌడ్ కీ దాడి చేసినవారికి దొరికింది. 5.7 కోట్ల మంది సమాచారం వారి చేతికి వెళ్లింది. ఆ సంగతి ప్రపంచానికి తెలిసింది 2017 నవంబరులో. మొదటి రెండు రకాలే లోతుగా చూడవలసినవి.

కుకీని సర్వర్ ఎందుకు నమ్ముతుంది

ఒక చిన్న ఉదాహరణ తీసుకుందాం. 17వ నంబరు వాడుకరి లాగిన్ అయ్యారు. ప్రతి పేజీకీ పాస్‌వర్డ్ అడగలేం కనుక సర్వర్ బ్రౌజర్‌కు ఒక కుకీ, అంటే చిన్న గుర్తింపు చీటీ, ఇస్తుంది. అందులో ‘వాడుకరి 17’ అని ఉంటుంది. దాని పక్కనే, ఆ మాటనూ రహస్య కీనీ కలిపి హెచ్‌మ్యాక్ అనే పద్ధతిలో లెక్కగట్టిన ఒక ముద్ర ఉంటుంది. తర్వాతి అభ్యర్థనతో ఆ కుకీ తిరిగి వచ్చినప్పుడు సర్వర్ అదే లెక్క మళ్లీ వేసి చూస్తుంది. ఎవరైనా 17ను 1గా మార్చి పంపితే ముద్ర సరిపోదు, కుకీ చెల్లదు.

ఇందులో రహస్యం కీ ఒక్కటే. పద్ధతి అందరికీ తెలుసు, కుకీలో ఏముందో కూడా చాలాసార్లు ఎవరైనా చదవవచ్చు. కీ తప్ప మిగతా వ్యవస్థ అంతా శత్రువుకు తెలిసినా భద్రత చెక్కుచెదరకూడదని ఆగస్ట్ కెర్కాఫ్స్ 1883లోనే సూత్రీకరించాడు. దాని మరోవైపు అంత హాయిగా ఉండదు. కీ తెలిసినవారు ‘వాడుకరి 1’కి సరైన ముద్ర తామే వేసుకోగలరు. పాస్‌వర్డ్ అక్కర్లేదు. రెండంచెల ధ్రువీకరణ కూడా అడ్డురాదు, ఎందుకంటే ఆ దశలన్నీ ఎప్పుడో దాటేసినట్టే ఆ కుకీ చెబుతుంది. లాగ్‌లలో చూసినా నిర్వాహకుడు మామూలుగా పని చేసుకుంటున్నట్టే కనిపిస్తుంది.

అయితే ఈ ముప్పు అన్ని ఫ్రేమ్‌వర్కుల్లో ఒకేలా ఉండదు. ఫ్లాస్క్ అనే ఫ్రేమ్‌వర్కు తన సెషన్ (లాగిన్ అయి ఉన్న కాలపు) సమాచారాన్నంతా సంతకం చేసిన కుకీలోనే పెడుతుంది కనుక పై ఉదాహరణ దానికి దాదాపు యథాతథంగా వర్తిస్తుంది. జాంగో మామూలుగా సెషన్‌ను డేటాబేస్‌లో ఉంచి, కుకీలో ఊహించలేని ఒక గుర్తింపు సంఖ్యను మాత్రమే ఇస్తుంది. పాస్‌వర్డ్ మార్చుకోవడానికి జాంగో మెయిల్‌లో పంపే లింకు ముద్ర లెక్కలో కూడా వాడుకరి పాస్‌వర్డ్ హ్యాష్ (పాస్‌వర్డ్ నుంచి లెక్కగట్టిన, వెనక్కి తిప్పలేని విలువ), చివరిసారి లాగిన్ అయిన సమయం కలిసి ఉంటాయి. కీ ఒక్కటే దొరికితే ఆ లింకును తయారుచేయడం కుదరదు. అలా రాసినవారి ముందుచూపు మెచ్చుకోదగ్గది.

సంతకం కీ బయటపడితే అన్నిటికన్నా పెద్ద ముప్పు ఇది కాదు. కొన్ని అప్లికేషన్లు తిరిగి వచ్చిన సమాచారాన్ని ఉత్త అక్షరాలుగా చదవవు, దాని నుంచి ప్రోగ్రాము వస్తువులను పునర్నిర్మిస్తాయి. ఆ పునర్నిర్మాణ సమయంలోనే కోడ్ నడిచేలా సమాచారాన్ని మలచడం తెలిసిన విద్యే. ముద్ర సరిపోయింది కదా అని సర్వర్ నిశ్చింతగా దాన్ని విప్పుతుంది. అలా సంతకం కీ దొరికినవారికి సర్వర్‌లో తమకు కావలసిన ఆదేశం నడిపే వీలు చిక్కుతుంది. షేర్‌పాయింట్‌లో జరిగింది ఇదే. 2018లో లారవెల్‌లో బయటపడిన ఒక లోపంలోనూ యాప్ కీ తెలిస్తే చాలు, ఇదే దారి తెరుచుకునేది. జాంగో కూడా 1.6 వెర్షన్ నుంచి సెషన్లకు ఇలా వస్తువులను పునర్నిర్మించే పికిల్ పద్ధతిని పక్కనపెట్టి, ఉత్త సమాచారాన్నే మోసే జేసన్‌కు మారింది, 5.0 నాటికి పికిల్‌ను పూర్తిగా తీసేసింది.

మరి సంతకం కీ పోతే? పెద్దగా ఏమీ కాదు. కొత్తది పెడితే అందరూ ఒకసారి లాగవుట్ అవుతారు, పంపి ఉన్న లింకులు చెల్లకుండా పోతాయి. కాసేపు విసుగు, అంతే. కాబట్టి ఈ కీకి బ్యాకప్‌లు తీసి నాలుగుచోట్ల దాచడం లేని ముప్పును కొని తెచ్చుకోవడమే అవుతుంది.

ఎన్‌క్రిప్షన్ కీ దగ్గర భయం తిరగబడుతుంది

ఎన్‌క్రిప్షన్ కీ పోతే దాని కింద ఉన్న సమాచారం కూడా పోయినట్టే. కొత్త కీ పెట్టుకోవచ్చు, పాత సమాచారం మాత్రం తెరుచుకోదు.

దీనికి అచ్చమైన ఉదాహరణ, కోడ్‌ను దాచి నిర్వహించే గిట్‌ల్యాబ్. సొంత సర్వర్‌లో నడిపే గిట్‌ల్యాబ్‌లో కీలన్నీ ‘గిట్‌ల్యాబ్ సీక్రెట్స్’ అనే ఒక ఫైలులో ఉంటాయి. దాని బ్యాకప్ ఆదేశం డేటాబేస్‌నూ కోడ్‌నూ కాపీ చేస్తుంది గానీ ఈ ఫైలును కావాలనే వదిలేస్తుంది. ఎన్‌క్రిప్ట్ చేసిన సమాచారాన్నీ దాని కీనీ ఒకే మూటలో కడితే ఎన్‌క్రిప్షన్‌కు అర్థమే ఉండదని గిట్‌ల్యాబ్ వివరణ. తర్కం సరైనదే. కానీ ఆ ఫైలును విడిగా దాచుకోనివారు సర్వర్ పాడై బ్యాకప్‌ను పునరుద్ధరించినప్పుడు రెండంచెల ధ్రువీకరణ పెట్టుకున్న వాడుకరులు లోపలికి రాలేరు, స్వయంచాలక పనుల కోసం దాచిన రహస్య విలువలు తెరుచుకోవు.

రెండంచెల ధ్రువీకరణ ఎందుకు దెబ్బతింటుంది? పాస్‌వర్డ్‌ను తిరిగి రాబట్టడానికి వీల్లేని హ్యాష్‌గా దాచవచ్చు, సరిపోల్చడానికి అది చాలు. కానీ ఫోనులో 30 సెకన్లకోసారి మారే ఆరంకెల కోడ్‌ను సరిచూడాలంటే సర్వర్ కూడా అదే మూల రహస్యంతో అదే లెక్క వేయాలి. కాబట్టి మూల రహస్యాన్ని తిరిగి చదవగలిగే రూపంలోనే ఉంచుకోక తప్పదు. అందుకే దాన్ని ఎన్‌క్రిప్ట్ చేస్తారు. ఆ కీ పోతే ఆ కోడ్‌లను సరిచూసే దారి ఉండదు.

పనులను స్వయంచాలకంగా నడిపించే ఎన్‌ఎయిట్‌ఎన్ అనే అప్లికేషన్‌లో ఇంకో రకం ఉచ్చు ఉంది. మనం కీ ఇవ్వకపోతే అది మొదటిసారి నడిచినప్పుడు తానే ఒకటి తయారుచేసి తన ఫోల్డరులో రాసుకుంటుంది. డాకర్‌లో (అప్లికేషన్‌ను కంటైనర్ అనే విడి పెట్టెలో నడిపే ఉపకరణం) ఆ ఫోల్డరును శాశ్వత నిల్వకు జతచేయకుండా నడిపినవారికి కంటైనర్ కొత్తగా నిర్మించిన రోజున కొత్త కీ పుడుతుంది. డేటాబేస్ వేరేచోట భద్రంగానే ఉన్నా అందులో దాచిన ఖాతా వివరాలేవీ తెరుచుకోవు. తనకు అలాంటి కీ ఒకటి ఉందని ఆ నిర్వాహకుడికి తెలిసేది చాలాసార్లు ఆ రోజే.

పొడవైన కీ అంటే బలమైన కీ కాదు

సంతకం చేసిన కుకీకి ఒక ఇబ్బందికరమైన లక్షణం ఉంది. సమాచారం, దాని ముద్ర రెండూ వాడుకరి చేతిలోనే ఉంటాయి. కాబట్టి ఎవరైనా మామూలు ఖాతా తెరిచి, తన కుకీని ముందు పెట్టుకుని, తన కంప్యూటర్‌లోనే ఒక్కో కీని ఊహించి ముద్ర సరిపోతుందేమో పరీక్షించుకోవచ్చు. సర్వర్‌కు ఒక్క అభ్యర్థన కూడా వెళ్లదు. పదిసార్లు తప్పితే ఖాతాను ఆపేసే ఏర్పాట్లేవీ ఇక్కడ అక్కరకు రావు.

లెక్క వేసి చూద్దాం. సెకనుకు 100 కోట్ల ఊహలు పరీక్షించగల యంత్రం ఉందనుకుందాం. ఎనిమిది చిన్న ఆంగ్ల అక్షరాల కీ అయితే ఉండగల వరుసలు దాదాపు 20,900 కోట్లు. అన్నీ ప్రయత్నించడానికి పట్టేది మూడున్నర నిమిషాలు. అదే యాదృచ్ఛికంగా పుట్టిన 128 బిట్ల కీ అయితే 1 పక్కన 22 సున్నాలు పెట్టినన్ని ఏళ్లు పడుతుంది. ఇక 256 బిట్ల గురించి లెక్కే అనవసరం. అందుకే 32 బైట్ల యాదృచ్ఛిక కీ వాడుకలో స్థిరపడింది. దాన్ని హెక్సాడెసిమల్‌లో రాస్తే 64 అక్షరాలు, బేస్64లో రాస్తే 44. బలం మాత్రం రెండింటికీ ఒకటే.

కొలవవలసింది అక్షరాల పొడవు కాదు, ఆ వరుస ఎలా పుట్టిందన్నది. ఏదో పాఠంలో చూపిన 64 అక్షరాల నమూనా కీని యథాతథంగా అతికిస్తే దాని బలం సున్నా, ఎందుకంటే దాడి చేసేవారి జాబితాలో మొదట ఉండేవి అవే. ఇలా పత్రాల్లోనూ కోడ్ భాండాగారాల్లోనూ బహిరంగంగా పడి ఉన్న ఏఎస్‌పీ డాట్ నెట్ మెషీన్ కీలు 3,000కు పైగా కనిపించాయని మైక్రోసాఫ్ట్ 2025 ఫిబ్రవరిలో తెలిపింది. వాటిలో ఒకదాన్ని వాడి జరిగిన దాడి తన దృష్టికి వచ్చిందనీ చెప్పింది.

కీని పుట్టించే యంత్రమే చెడిపోతే ఏమవుతుందో 2008 మేలో తెలిసింది. డెబియన్ లినక్స్‌లో కీలను తయారుచేసే ఓపెన్ఎస్ఎస్ఎల్‌లో 2006లో చేసిన ఒక మార్పు వల్ల, కీ తయారీలో యాదృచ్ఛికతగా మిగిలింది ప్రాసెస్ (నడుస్తున్న ప్రోగ్రాము) సంఖ్య ఒక్కటే. చూడటానికి ఆ కీలు మిగతా వాటిలాగే పొడవుగా, గజిబిజిగా ఉండేవి. నిజానికి ఒక్కో రకం యంత్రానికి, ఒక్కో కీ పరిమాణానికి పుట్టగలిగినవి 32,768 మాత్రమే. సెకనుకు వెయ్యి చొప్పున ప్రయత్నించినా 33 సెకన్లలో అయిపోతాయి. ఆ రెండేళ్లలో ఎన్ని కీలు అలా పుట్టాయో వాటన్నిటినీ మార్చుకోవలసి వచ్చింది.

కోడ్‌లోనా, ఎన్విరాన్‌మెంట్‌లోనా, ఫైలులోనా

కోడ్‌లోనే కీ రాయకూడదన్న విషయంలో భిన్నాభిప్రాయం లేదు. కోడ్ మార్పుల చరిత్రను దాచే గిట్‌లో ఒకసారి చేరిన కీని తర్వాతి మార్పులో తీసేసినా చరిత్రలో అలాగే ఉంటుంది. కంటైనర్‌కు అచ్చులా పనికొచ్చే, పొరలుగా పేర్చిన డాకర్ ఇమేజ్ కూడా అంతే. ఒక పొరలో కీ ఫైలును చేర్చి తర్వాతి పొరలో తొలగించినా, కింది పొరను విప్పి చూసేవారికి అది దొరుకుతుంది. బ్రౌజర్‌కు వెళ్లే జావాస్క్రిప్ట్‌లో కలిసిపోయే విలువల సంగతి చెప్పనే అక్కర్లేదు. అక్కడ పెట్టినది రహస్యమే కాదు.

అక్కడి నుంచి అభిప్రాయాలు చీలిపోతాయి. 2011లో హెరోకు సంస్థవారు ప్రచారంలోకి తెచ్చిన ‘ట్వెల్వ్ ఫ్యాక్టర్’ పద్ధతి, ఆకృతీకరణ అంతా ఎన్విరాన్‌మెంట్ చలరాశుల్లో (ప్రోగ్రాము మొదలయ్యేటప్పుడు బయటి నుంచి దానికి అందే విలువలు) ఉండాలని చెప్పింది. అందుకు వాళ్లు పెట్టిన పరీక్ష నాకు నచ్చుతుంది: మీ కోడ్‌ను ఈ క్షణాన అందరికీ తెరిచేసినా ఏ రహస్యమూ బయటపడకూడదు. ఏ భాషలో రాసినా, ఏ యంత్రంలో నడిపినా ఈ పద్ధతి పని చేస్తుంది. అందుకే అంతగా పాతుకుపోయింది.

దీన్ని విమర్శించేవారి వాదనలోనూ బలం ఉంది. లినక్స్‌లో ఒక ప్రాసెస్ ఎన్విరాన్‌మెంట్‌ను అదే వాడుకరి పేరుతో నడిచే ఏ ఇతర ప్రాసెస్ అయినా చదవగలదు. అది పుట్టించే పిల్ల ప్రాసెస్‌లన్నిటికీ ఆ విలువలు వారసత్వంగా వెళ్తాయి. అంటే చిత్రం పరిమాణం తగ్గించడానికి పిలిచిన చిన్న ఉపకరణానికి కూడా డేటాబేస్ పాస్‌వర్డ్ అందుతుంది. లోపం వచ్చినప్పుడు మొత్తం ఎన్విరాన్‌మెంట్‌ను నివేదికలో చేర్చే ఉపకరణాలున్నాయి. పీహెచ్‌పీ సమాచార పేజీ దాన్ని తెర మీదే చూపిస్తుంది. డాకర్ ఇన్‌స్పెక్ట్ ఆదేశమూ అంతే. లినక్స్‌లో సేవలను నడిపే సిస్టమ్‌డీ పత్రాలైతే ఎన్విరాన్‌మెంట్ చలరాశులు రహస్యాలకు తగినవి కావని సూటిగా చెబుతాయి. దానికి బదులుగా 2020లో వచ్చిన 247వ వెర్షన్ నుంచి ‘క్రెడెన్షియల్స్’ అనే ఏర్పాటు అందుబాటులో ఉంది. దీనిలో ఆ సేవకు మాత్రమే కనిపించే ఫైలుగా కీ అందుతుంది. డాకర్ సీక్రెట్స్ కూడా ఇదే ధోరణిలోవి. కాకపోతే మామూలు డాకర్ కంపోజ్‌లో వాడినప్పుడు అది డిస్క్ మీది ఫైలును కంటైనర్‌లోకి చూపించడమే తప్ప, దానివల్ల ఎన్‌క్రిప్షన్ ఏమీ జరగదు.

రెండింటికీ మధ్య డాట్ ఎన్వ్ ఫైలు ఉంది. విలువలు ఫైలులో ఉంటాయి, ప్రారంభంలో ఎన్విరాన్‌మెంట్‌లోకి వెళ్తాయి. సౌకర్యం ఎక్కువ, జారిపడే చోట్లూ ఎక్కువే. లారవెల్ వంటి వాటిలో వెబ్ సర్వర్‌కు చూపవలసింది ‘పబ్లిక్’ ఫోల్డరును. పొరపాటున దాని పైనున్న ఫోల్డరును చూపితే బ్రౌజర్‌లో చిరునామా పక్కన ఫైలు పేరు కొట్టినవారందరికీ కీలన్నీ కనిపిస్తాయి. ఈ ఫైలు కోసమే ఇంటర్నెట్ అంతా గాలించే స్వయంచాలక ప్రోగ్రాములు ఉన్నాయి. అలా దొరికిన కీలతో క్లౌడ్ ఖాతాల్లోకి వెళ్లి డబ్బు డిమాండ్ చేసిన ముఠా గురించి పాలో ఆల్టో నెట్‌వర్క్స్ పరిశోధకులు 2024 ఆగస్టులో వివరంగా రాశారు.

నా లెక్కలో ఒక సర్వర్, ఒక అప్లికేషన్ ఉన్నచోట ఫైలా ఎన్విరాన్‌మెంటా అన్న తేడా, ఆ ఫైలు హక్కులు ఎవరికి ఉన్నాయన్న దానికన్నా చిన్నది. ఒకే యంత్రంలో, ఒకే వాడుకరి పేరుతో నాలుగు అప్లికేషన్లు నడిపితే మాత్రం ఏ పద్ధతి వాడినా ఒకదాని కీ ఇంకోదానికి అందుబాటులో ఉన్నట్టే.

కీని దాచే కీని ఎక్కడ దాచాలి

కీలను ఎన్‌క్రిప్ట్ చేసి ఉంచవచ్చు కదా అన్నది సహజమైన ఆలోచన. రైల్స్ 5.2 నుంచి చేస్తున్నది అదే: రహస్యాలన్నీ ఎన్‌క్రిప్ట్ చేసిన ఒక ఫైలుగా కోడ్‌తోపాటే గిట్‌లో ఉంటాయి, మాస్టర్ కీ మాత్రం బయట ఉంటుంది. సాప్స్ అనే ఉపకరణం పేర్లను చదవగలిగేలా వదిలి విలువలను మాత్రమే ఎన్‌క్రిప్ట్ చేస్తుంది. దానివల్ల ఏ విలువ ఎప్పుడు మారిందో చరిత్రలో తెలుస్తుంది. ఇరవై రహస్యాల సమస్య ఒక్క రహస్యం సమస్యగా కుదించుకుపోతుంది. అది చిన్న లాభం కాదు. కానీ ఆ ఒక్కటి ఎక్కడో ఉండాలి. అప్లికేషన్ రాత్రి రెండింటికి తనంతట తాను మళ్లీ మొదలవ్వాలంటే అది సర్వర్‌కే అందుబాటులో ఉండాలి.

కాబట్టి ఇలాంటి ఎన్‌క్రిప్షన్ దేని నుంచి కాపాడుతుందో విడమరిచి చూడాలి. గిట్ భాండాగారం బయటపడితే కాపాడుతుంది. డిస్క్ దొంగిలిస్తే, బ్యాకప్ ఎవరి చేతిలోనైనా పడితే, మాస్టర్ కీ వాటిలో లేకుంటే కాపాడుతుంది. నడుస్తున్న సర్వర్‌లోకి ఎవరైనా చొరబడితే మాత్రం కాపాడదు. 2023 జనవరిలో, కోడ్ పరీక్షలను స్వయంచాలకంగా నడిపే సర్కిల్‌సీఐ సంస్థ తన వినియోగదారులందరినీ దాచిన రహస్యాలన్నీ మార్చుకోమని కోరింది. అక్కడి సమాచారం డిస్క్ మీద ఎన్‌క్రిప్ట్ అయ్యే ఉంది. దాడి చేసినవారు నడుస్తున్న ప్రాసెస్ నుంచే కీలను తీసుకున్నారు. 2014 నాటి హార్ట్‌బ్లీడ్ లోపమైతే సర్వర్‌లోకి అడుగు పెట్టకుండానే దాని మెమరీని 64 కిలోబైట్ల ముక్కలుగా బయటికి లాగనిచ్చింది.

రహస్యాలను దాచి, అవసరమైనవారికి అందించే హాషికార్ప్ వాల్ట్ వంటి ప్రత్యేక వ్యవస్థలు దీన్ని ఇంకో విధంగా ఎదుర్కొంటాయి. వాల్ట్ ప్రారంభమైనప్పుడు మూసి ఉంటుంది. ఆది షమీర్ 1979లో ప్రతిపాదించిన పద్ధతిలో దాన్ని తెరిచే కీని ముక్కలు చేస్తారు. మామూలుగా ఐదు ముక్కలు, వాటిలో ఏ మూడు కలిసినా తెరుచుకుంటుంది, రెండు ఉంటే ఏమీ తెలియదు. ఎవరు ఏ రహస్యాన్ని ఎప్పుడు తీసుకున్నారో నమోదవుతుంది, కొద్దిసేపే చెల్లే డేటాబేస్ పాస్‌వర్డ్‌లను అప్పటికప్పుడు పుట్టించవచ్చు. పదిమంది పనిచేసే, పాతిక సేవలు నడిచే చోట ఇది పెద్ద ఊరట. ఒక్కరే నడిపే చిన్న అప్లికేషన్‌కు? సర్వర్ మళ్లీ మొదలైన ప్రతిసారీ ముగ్గురు మనుషులు కావాలి. ఉన్నది ఒక్కరే కనుక ముక్కలన్నీ ఒకే జేబులో ఉంటాయి. లేదా తెరిచే పనిని క్లౌడ్ కీ సేవకు అప్పగించాలి. అప్పుడు నమ్మకం మరొకరి చేతికి మారిందే తప్ప మాయం కాలేదు. పైగా వాల్ట్ కూడా కాపాడుకోవలసిన మరో సర్వర్. 2023 ఆగస్టులో దాని లైసెన్సు మారాక, పాత కోడ్ నుంచి ఓపెన్‌బావ్ అనే మరో శాఖ లినక్స్ ఫౌండేషన్ నీడన పుట్టింది. సొంత సర్వర్ల వారిలో ఆ ఎంపిక మీద చర్చ ఇంకా సాగుతోంది.

మదర్‌బోర్డు మీద కీలను కాపాడే టీపీఎం చిప్‌కు కీని ముడిపెట్టడం ఇంకో మార్గం. డిస్క్‌ను పీకి వేరే యంత్రంలో పెట్టినా తెరుచుకోదు. బోర్డు కాలిపోయిన రోజున మనకూ తెరుచుకోదు.

బ్యాకప్ దగ్గర పడే ముడి

ఎన్‌క్రిప్షన్ కీకి కాపీలు పెంచితే పోయే ప్రమాదం తగ్గుతుంది, బయటపడే ప్రమాదం పెరుగుతుంది. కాపీలు తగ్గిస్తే రెండూ తారుమారవుతాయి. ఈ ముడిని పూర్తిగా విప్పే పద్ధతి ఏదీ లేదు. కీ కాపీ, సమాచారం కాపీ ఒకే దారిలో ఒకరికే దొరకకుండా చూసుకోవడం ఒక్కటే సాధ్యం.

రెస్టిక్, బోర్గ్ వంటి ఉపకరణాలు బ్యాకప్‌ను ఎన్‌క్రిప్ట్ చేశాకే ఇంకోచోటికి పంపుతాయి. ఆ పాస్‌వర్డ్ సర్వర్‌లోని ఫైలులో ఉంటుంది, లేకపోతే ప్రతిరాత్రీ బ్యాకప్ దానంతట అది జరగదు. సర్వర్ పోతే ఆ ఫైలూ పోతుంది. ఇక్కడే చాలామంది ఒక సుడిలో పడతారు. పాస్‌వర్డ్‌లన్నీ దాచుకునే వాల్ట్‌వార్డెన్‌ను కూడా అదే సర్వర్‌లో నడుపుతుంటారు. బ్యాకప్ పాస్‌వర్డ్ వాల్ట్‌వార్డెన్‌లో ఉంది, వాల్ట్‌వార్డెన్ సమాచారం బ్యాకప్‌లో ఉంది. సర్వర్ బాగున్నన్నాళ్లూ అంతా సవ్యంగానే ఉంటుంది, పునరుద్ధరణ పరీక్షలు కూడా నెగ్గుతాయి. ఎందుకంటే ఆ పరీక్ష చేసేటప్పుడు పాస్‌వర్డ్‌ను చూసుకోవడానికి పాత సర్వర్ ఇంకా బతికే ఉంటుంది.

అందుకే భద్రతా నిపుణుల్లో చాలామంది కాగితాన్ని చిన్నచూపు చూడరు. సర్వర్‌తో సంబంధం లేని చోట ఉన్న కాగితాన్ని ఇంటర్నెట్ నుంచి ఎవరూ దొంగిలించలేరు. నడిపేవారికి ఏమైనా అయితే ఆ స్థానంలోకి వచ్చేవారు దాన్ని చదవగలరు కూడా.

మార్చడం ఎప్పుడు, ఎలా

సంతకం కీని హఠాత్తుగా మారిస్తే అందరూ లాగవుట్ అవుతారని చూశాం. ఇది రాకుండా జాంగో 4.1 వెర్షన్ పాత కీల జాబితాను ప్రవేశపెట్టింది. లారవెల్ 11లోనూ అలాంటిదే ఉంది. కొత్త కీతో సంతకం చేస్తుంది, సరిచూసేటప్పుడు పాతవాటినీ ఒప్పుకుంటుంది. సెషన్ 14 రోజులు చెల్లుతుందనుకుంటే, 1వ తేదీన కొత్త కీ పెట్టి, పాతదాన్ని జాబితాలో ఉంచి 15వ తేదీన తీసేస్తే ఎవరికీ ఏమీ తెలియదు.

ఇందులో ఒక మెలిక ఉంది. కీ బయటపడిందన్న అనుమానంతో మారుస్తుంటే ఈ సౌకర్యాన్ని వాడకూడదు. పాత కీ జాబితాలో ఉన్నంతకాలం దాంతో వేసిన దొంగ ముద్రలు కూడా చెల్లుతాయి. క్రమం తప్పని మార్పు వేరు, అత్యవసర మార్పు వేరు. రెండోదానిలో అందరినీ లాగవుట్ చేయడమే అసలు ఉద్దేశం.

ఎన్‌క్రిప్షన్ కీని మార్చడం ఇంత సులువు కాదు. 4,00,000 రికార్డులు ఒకే కీతో ఎన్‌క్రిప్ట్ అయి ఉంటే ప్రతిదాన్నీ పాత కీతో విప్పి కొత్తదానితో మూయాలి. మధ్యలో ఆగితే సగం అటు, సగం ఇటు. ఈ బాధ తప్పించడానికి రెండంతస్తుల ఏర్పాటు చేస్తారు: రికార్డులను ఒక డేటా కీ మూస్తుంది, ఆ డేటా కీని ఒక మాస్టర్ కీ మూస్తుంది. మాస్టర్‌ను మార్చాలంటే డేటా కీ అనే ఒక్క చిన్న ముక్కను తిరిగి మూస్తే చాలు. అయితే బయటపడింది డేటా కీయే అయితే ఈ ఉపాయం పనికిరాదు, మళ్లీ 4,00,000 రికార్డుల పని తప్పదు. పాత బ్యాకప్‌లు పాత కీతోనే ఉంటాయి కనుక, అవి ఉన్నన్నాళ్లూ పాత కీలనూ దాచుకోవలసిందే.

ఏ అనుమానమూ లేకపోయినా గడువు పెట్టుకుని మార్చాలా అన్నది పాత వివాదం. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ కీలకు వాడుక కాలం ఉండాలని చెబుతుంది. అదే సంస్థ 2017లో మనుషుల పాస్‌వర్డ్‌లను ఊరికే మార్పించవద్దని చెప్పడం చాలామందికి పరస్పర విరుద్ధంగా తోస్తుంది. నిజానికి విరుద్ధం కాదు. మార్చమని ఒత్తిడి చేస్తే మనుషులు పాత పాస్‌వర్డ్ చివర ఒక అంకె పెంచి ఊరుకుంటారు. యంత్రం పుట్టించే కీకి ఆ బలహీనత లేదు.

ఇరుపక్షాల వాదనకూ ఒకే సంఘటనలో ఆధారం దొరుకుతుంది. 2023లో ఒక దాడి ముఠా, మైక్రోసాఫ్ట్ 2016లో తయారుచేసిన ఒక సంతకం కీతో టోకెన్లు పుట్టించి 22 సంస్థల మెయిళ్లలోకి వెళ్లింది. ఆ కీ అప్పటికి ఎప్పుడో వాడుకలోంచి పోయి ఉండాల్సింది. ఎందుకు పోలేదంటే, కీలను చేత్తో మార్చే ప్రక్రియ వల్ల 2021లో పెద్ద అంతరాయం ఏర్పడటంతో ఆ మార్పిడినే ఆపేశారని అమెరికా సైబర్ సేఫ్టీ రివ్యూ బోర్డు నివేదిక చెప్పింది. మార్చడం వల్ల సేవ ఆగింది, మార్చకపోవడం వల్ల దొంగలు పడ్డారు. నాకు మాత్రం గడువు ప్రకారం మార్చడంలో ఉన్న అసలు ప్రయోజనం కీ కొత్తదవడం కన్నా, మార్చే విధానం పనిచేస్తోందని తెలియడమే అనిపిస్తుంది. ఎన్నడూ మార్చని కీని మొదటిసారి దాడి జరిగిన రాత్రి మార్చబోతే, అది ఇంకా ఎన్నిచోట్ల రాసి ఉందో అప్పుడు బయటపడుతుంది.

బయటపడిన తర్వాత

గిట్‌లో కీ పడిందని తెలియగానే చాలామంది చేసే మొదటి పని చరిత్రను చెరపడం. ఆ వరుస తలకిందులు. బహిరంగ భాండాగారాలను స్వయంచాలక ప్రోగ్రాములు నిరంతరం గాలిస్తుంటాయి. చెరిపే లోపే కాపీ జరిగిందనుకోవాలి. కీని రద్దు చేసి కొత్తది పెట్టాక, చరిత్రను శుభ్రం చేసినా చేయకపోయినా పెద్ద తేడా ఉండదు.

2023 మార్చిలో, కోడ్ దాచే సేవ గిట్‌హబ్ సొంత ఎస్ఎస్‌హెచ్ (దూరపు సర్వర్‌కు భద్రంగా అనుసంధానమయ్యే పద్ధతి) కోసం వాడే ఆర్ఎస్ఏ రకం ప్రైవేటు కీ ఒక బహిరంగ భాండాగారంలో కొద్దిసేపు కనిపించింది. దాన్ని ఎవరూ దుర్వినియోగం చేసినట్టు అనుకోవడానికి కారణం లేదని చెబుతూనే, ఆ సంస్థ మార్చి 24న కీని మార్చేసింది. పాత కీని గుర్తుపెట్టుకున్న కంప్యూటర్లన్నిటిలో ‘ఈ సర్వర్ గుర్తింపు మారింది’ అన్న హెచ్చరిక వచ్చింది, స్వయంచాలక పనులు కొన్ని నిలిచిపోయాయి. ఆ సర్వర్లకు ఎడ్25519, ఈసీడీఎస్ఏ రకం కీలు కూడా విడిగా ఉన్నాయి. వాటితో అనుసంధానమయ్యేవారు ఏమీ మార్చుకోనక్కర్లేకపోయింది.